కళ – స్వాస్థ్యం

కావ్యప్రయోజనాలను ఎన్నుతూ మమ్మటుడు అమంగళ నివారణాన్ని కూడ చేర్చి, మయూరకవిని ఉదాహరించినాడు. సూర్యశతకం చెప్పి మయూరుడు కుష్ఠువును బాపుకొన్నాడన్న ఐతిహ్యం ప్రసిద్ధమే. దుఃఖార్తులకు, శ్రమార్తులకు నాట్యం విశ్రాంతినిస్తుందని భరతుడు అంతకుముందే చెప్పి ఉన్నాడు. కనుక కళ ఔషధమన్న భావం మనకు క్రొత్తది కాదు.

పశ్చిమాన ఈ భావానికి పేరు పెట్టినవాడు ఏడ్రియన్ హిల్ అనే ఆంగ్ల చిత్రకారుడు. క్షయరోగంతో శానిటోరియంలో ఉండగా బొమ్మలు గీయడంలోని ఉపశమనాన్ని గ్రహించి, 1942లో దానిని కళాచికిత్స అన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐరోపా శాఖ 2019లో 900కు పైగా ప్రచురణలను పరిశీలించి, వ్యాధుల నివారణలోను, చికిత్సలోను కళలకు పాత్ర గలదని నివేదించింది. ఇది వైద్యుల తీర్పు. విమర్శకుని ప్రశ్న వేరు: కర్తకు ఉపశమనం కలిగించినంత మాత్రాన కృతి కళ అవుతుందా?

ఈ ప్రశ్నకు ఢిల్లీలో గడచిన ఒక జీవితం సమాధానం చెప్పగలదు. సతీష్ గుజ్రాల్ 1925లో జీలంలో జన్మించినాడు. ఎనిమిదవ యేట జరిగిన ప్రమాదంలో కాళ్ళు దెబ్బతిన్నవి, వినికిడి పోయింది. శబ్దం తొలగిన ఆ బాల్యానికి పుస్తకాలు, బొమ్మలు తోడైనవి. దేశవిభజన దారుణాలను కళ్ళారా చూచినవాడు గనుక తొలినాటి చిత్రాలలో ముసుగులు కప్పుకొని, శోకంతో వంగిపోయిన స్త్రీలను నిలిపినాడు. 1952లో మెక్సికో వెళ్ళి రివేరా, సికైరోస్‌ల సన్నిధిలో కుడ్యచిత్రకళ నేర్చినాడు. అటుపై శిల్పం, వాస్తువు కూడ ఆయన వశమైనవి. ఢిల్లీలోని బెల్జియం రాయబార కార్యాలయ భవనం ఆయన రూపకల్పనమే.

చిత్రకళ ఆయన చెవిని బాగుచేయలేదు. 60 ఏళ్ళకు పైగా గడచిన తరువాత, 1998లో ఆస్ట్రేలియాలో జరిగిన శస్త్రచికిత్స ఆయనకు శబ్దాన్ని తిరిగి చూపింది. వైద్యం చేయవలసినది వైద్యమే చేసింది. కళ ఇచ్చినది మరొకటి. స్వస్థుడనగా తనయందు తాను నిలిచినవాడు. చెవి లేకున్నను మనిషి తనలో నిలువగలగడం, లోకంతో పలుకగలగడం – ఇది కళ ఇచ్చిన స్వాస్థ్యం.

అయితే ఆ చిత్రాలు గొప్పవి కావడానికి ఇదియును కారణం కాదు. ఆ వంగిన స్త్రీలలో చిత్రకారుని చెవుడు కనిపించదు. అయినవారిని పోగొట్టుకొన్న జనసమూహం కనిపిస్తుంది. స్వీయవేదన అందరి వేదనగా మారడాన్నే మన ఆలంకారికులు సాధారణీకరణమన్నారు. రోగి గీచిన బొమ్మ అతనికి మేలు చేస్తే చాలు. దానిని తూచే హక్కు ఎవరికిని లేదు. లోకం ముందుంచిన కృతిని మాత్రం లోకం తూచక తప్పదు.

తెలుగులోను ఈ సత్యానికి సాక్ష్యం ఉన్నది. బసవరాజు అప్పారావు బిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖాన్ని పాటలుగా కట్టినాడు. ఆ పాటలు ఆయన ఆయువును పెంచలేదు. 1933లో, నలుబది యేండ్లయినను నిండకుండ, ఆయన కన్నుమూసినాడు. అయినను బిడ్డను పోగొట్టుకొన్న ఏ తల్లికైనా ఆ పాటలలో తన గొంతు వినిపిస్తుంది. ఔషధం సేవించినవానికే పనిచేస్తుంది. కళ ఒక్కొక్కప్పుడు కర్తను కాపాడలేకపోయినను, ఇతరులను ఓదారుస్తుంది.