7.4 ‘జూదగృహం’ నిర్వచనం: ఒక విమర్శనాత్మక పరిశీలన

గత విభాగంలో ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974 ముఖ్యాంశాలు తెలుసుకున్నారు. ఈ విభాగంలో ఆ చట్టానికి మూలస్తంభమైన ‘సాధారణ జూదగృహం’ అనే నిర్వచనాన్ని విమర్శ దృష్టితో పరిశీలిద్దాం. ఒక చోటు జూదగృహం అవునా కాదా అన్నదానిని బట్టే అక్కడ దొరికిన మనిషి నేరస్థుడో, కాలక్షేపానికి వచ్చినవాడో తేలుతుంది.

కోనసీమలోని నగరం గ్రామాన్ని ఉదాహరణగా తీసుకుని మూడు సందర్భాలు ఊహించండి. ఒకటి: నలుగురు ఇరుగుపొరుగువారు ఒకరి ఇంటి అరుగు మీద చిల్లర డబ్బులు పెట్టి పేకాడుతున్నారు. రెండు: ఒక ఆసామి కొబ్బరితోటలో పాక వేసి, పేకముక్కలు ఇచ్చి, ఆట ఆటకూ కమీషన్ తీసుకుంటున్నాడు. మూడు: ఒక క్లబ్బు సభ్యుల నుంచి పేకలకు కొద్దిపాటి రుసుము వసూలు చేస్తోంది. వీటిలో జూదగృహం ఏది?

పేకాట వంటి ఆటల విషయంలో సెక్షన్ 2 నిర్వచనం మూడు అంశాల మీద నిలుస్తుంది: స్థలం, జూద సాధనాలు, నిర్వాహకుని లాభం. ఇందులో స్థలం అనే మాట చాలా విశాలమైనది. ఇల్లు, గది, గుడారం, వాహనం, పడవ, చివరికి ఎటువంటి చోటైనా అందులోకి వస్తుంది. సాధనాల సంగతీ అంతే; పేకముక్కలు లేని ఊరు ఉండదు. కాబట్టి నిర్వచనానికి హద్దు గీసేది మూడవ అంశం ఒక్కటే. అరుగు మీద ఆటలో ఇంటి యజమానికి కమీషన్ లేదు. అది జూదగృహం కాదు. తోటలోని పాక జూదగృహమే.

మూడవ సందర్భానికి జవాబు స్టేట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ వర్సెస్ కె. సత్యనారాయణ కేసులో ఉంది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతుండగా 1963లో పోలీసులు దాడి చేశారు. అప్పట్లో తెలంగాణ ప్రాంతంలో పాత హైదరాబాద్ జూద చట్టం అమలులో ఉండేది. 1967 నవంబరులో సుప్రీంకోర్టు రమ్మీలో నైపుణ్యమే ప్రధానమని చెప్పింది. పేకలకు తీసుకునే రుసుము మితిమీరనంత వరకు దానిని లాభంగా లెక్కించలేమనీ చెప్పింది. అయితే క్లబ్బు ఆట మీద లాభం గడిస్తే నేరం నిరూపించవచ్చని కూడా స్పష్టం చేసింది.

ఇక్కడే నిర్వచనంలోని మొదటి లోపం బయటపడుతుంది. ఎంత వరకు రుసుము, ఎక్కడి నుంచి లాభం? చట్టం కొలత చెప్పలేదు. పద్దు పుస్తకాలు, న్యాయవాది ఉన్న క్లబ్బు తన వసూళ్లను ఖర్చుల కింద చూపగలదు. పద్దులు లేని పాకకు ఆ వీలు లేదు.

రెండవ లోపం సాక్ష్యానికి సంబంధించినది. దాడిలో దొరికిన సాధనాలనే, తిరుగు సాక్ష్యం లేనంత వరకు, ఆ స్థలం జూదగృహమనడానికి ఆధారంగా తీసుకోవచ్చు. అంటే హద్దుగా ఉండవలసిన లాభం అనే అంశాన్ని మొదట ప్రాసిక్యూషన్ నిరూపించనక్కరలేకుండా పోతుంది. అరుగు మీద ఆడినవారే తమకు లాభం లేదని చెప్పుకోవలసి వస్తుంది. క్లబ్బు వలె వారు సుప్రీంకోర్టు దాకా వెళ్లగలరా?

మూడవది సంక్రాంతి కోడిపందేల సమస్య. బరి తోటలో ఉంటుంది. గోడలు, తలుపులు ఉండవు. పందెపు కోడిని పేకముక్కలాంటి సాధనం అనవచ్చా అన్న చర్చ కూడా వస్తుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఈ విషయంలో సూటిగా ఉంది. జంతువుల పోరుకు స్థలం నిర్వహించినా, ఇచ్చినా నేరమే, లాభం చూపనక్కరలేదు. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కోడిపందేలను అడ్డుకోవాలని ఆదేశించింది. అయినా మరుసటి నెల సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో బరులు వెలిశాయి. నిర్వచనం ఎంత స్పష్టంగా ఉన్నా, అమలు చేసే సంకల్పం లేకపోతే ఫలితం ఉండదని దీనివల్ల తెలుస్తుంది.

2020 సవరణ ఆన్‌లైన్ ఆటలను కూడా చట్టం పరిధిలోకి తెచ్చింది. స్థలమే లేని ఆటకు ‘గృహం’ అన్న పేరు అతకదు. కాని లాభం తీసుకునే వ్యక్తి అక్కడా ఉన్నాడు. అందువల్ల ఈ నిర్వచనంలో నిలవదగిన భాగం స్థలం కాదు, లాభం. ఆ లాభానికి స్పష్టమైన కొలత పెట్టి, దానిని నిరూపించే భారం ప్రాసిక్యూషన్ మీద ఉంచితే, చట్టం ఆడేవాడి కంటే ఆడించేవాడిని పట్టుకోగలుగుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. జూదగృహం నిర్వచనంలోని మూడు అంశాలు ఏవి?
2. నగరం ఉదాహరణలో మూడవ సందర్భానికి మీ తీర్పు ఏమిటి? కారణాలతో రాయండి.