పరంజా అల్లే సూది

పొందూరు ఖద్దరు అనగానే అందరికీ రాట్నం గుర్తొస్తుంది. నా కళ్లు మాత్రం వాలుగ చేప దవడ మీదే ఆగిపోతాయి. గింజ మీదున్న పత్తిని గుప్పెడు గుప్పెడు తీసుకుని ఆ సన్నటి పళ్లతో దువ్వుతారు. చెత్త రాలుతుంది, చిక్కు వీడుతుంది, పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. వంద కౌంటు నూలు సన్నదనానికి పునాది పడేది ఇక్కడే.

2022లో హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఐఐటీ, సీసీఎంబీ శాస్త్రవేత్తలు త్రీడీ ప్రింటర్ మీద కంటి ముందుండే పారదర్శక పొర, కార్నియాను చేసి కుందేలు కంటికి అమర్చారని చదివినప్పుడు ఆ దవడే మనసులో మెదిలింది.

కార్నియా మందం సుమారు అర మిల్లీమీటరు. అంతలోనే కొలాజెన్ పోగుల పొరలు రెండు వందలకు పైగా ఉంటాయి. ఒక పొరలో పోగులన్నీ ఒకే దిక్కున సాగితే, దాని మీది పొరలో వాటికి అడ్డంగా పరుచుకుంటాయి. పడుగూ పేకా అనుకోండి, కాకపోతే చాలావరకు ఒకదానిలో ఒకటి దూరవు. పోగుకూ పోగుకూ నడుమ ఎడం సమంగా ఉన్నంతసేపే వెలుగు చెదరకుండా లోపలికి పోతుంది. ఆ అమరిక చెడితే కంట్లో పువ్వు పడుతుంది.

హైదరాబాదు వాళ్లు చేసిన పనిలో ప్లాస్టిక్ లేదు. మనిషి కార్నియాలోంచి కణాలను కడిగేసి, మిగిలిన జాలాన్నే సిరాగా మార్చి, అందులో కంటి మూలకణాలు కలిపారు. ఆ బృందంలోని ఫల్గుణి పతి 2014లోనే, దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో ఉండగా, గుండె, మృదులాస్థి, కొవ్వు కణజాలాల నుంచి ఇలాంటి సిరా చేసి చూపించారు.

కణాలు నిలిచి పెరగడానికి ప్రింటర్ అల్లే ఇలాంటి జాలమే పరంజా. దాని నమూనా గీసే కంప్యూటర్ పని గీతలు గీయడమొక్కటే కాదు, ఖాళీలు గీయడం కూడా. ఎముక కోసం చేసే పరంజాలోనైతే రంధ్రాలు నూరు మైక్రాన్లకు తగ్గకూడదు, పైగా ఒకదానిలోంచి ఒకటి తెరుచుకోవాలి. లేకపోతే రక్తనాళాలు లోపలికి పాకవు. ఖాళీ పెంచితే బలం తగ్గుతుంది. ఇల్లు లేచాక దాని పరంజా విప్పేస్తాం. ఈ పరంజాను శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది.

నన్ను బాగా కట్టిపడేసింది ప్రింటర్‌లో సిరా వదిలే సూది పని. 2019లో పోహాంగ్ పరిశోధకులు గమనించిన సంగతి ఇది: సిరా సన్నటి సూదిలోంచి ఒరుసుకుంటూ వచ్చేటప్పుడు కొలాజెన్ పోగులు దువ్వినట్టు ఒకే వైపు సర్దుకుంటాయి. సూది మరీ సన్నదైతే ఆ ఒరిపిడికి కణాలు చచ్చిపోతాయి. వాలుగ దవడ పట్టిన చేతికి కూడా ఈ హద్దు తెలుసు. గట్టిగా లాగితే పోగు తెగిపోతుంది.