వెదురు పలికే చర్చి

పైపు ఆర్గన్ అనగానే యూరప్‌లోని పెద్ద పెద్ద కథీడ్రల్‌లు, తగరం, సీసం కలిపి చేసిన మెరిసే గొట్టాలు కళ్లముందు మెదులుతాయి. ఫిలిప్పీన్స్‌లోని లాస్ పిన్యాస్‌లో, సెయింట్ జోసెఫ్ చర్చిలో ఉన్న ఆర్గన్‌కు మొత్తం 1,031 గొట్టాలు. వాటిలో 902 వెదురువే. లోహంతో చేసినవి 129 మాత్రమే. పుట్టి రెండు వందల ఏళ్లు దాటినా అది ఇవాళ్టికీ పూజలో మోగుతోంది. లాస్ పిన్యాస్ ఇప్పుడు మనీలా మహానగరంలో కలిసిపోయింది గానీ, ఆ రోజుల్లో సముద్రపు ఒడ్డున చేపలు పట్టుకుంటూ, ఉప్పు పండించుకుంటూ బతికే చిన్న ఊరు.

ఆ ఊరికి 1795లో విచారణ గురువుగా వచ్చారు ఫాదర్ డియేగో సెరా. స్పెయిన్ దేశస్థుడు. రాతి చర్చి కట్టించిందీ ఆయనే. చర్చి పని ఇంకా సాగుతుండగానే, 1816లో ఆర్గన్‌కు పూనుకున్నారు.

నన్ను కట్టిపడేసేది ఆయన పని మొదలుపెట్టిన తీరు. వెదురు కొట్టించి, బొంగుల్ని సముద్రపు ఇసుకలో పూడ్చిపెట్టించి, ఏడాది పాటు వాటి జోలికి పోలేదు. పచ్చి వెదురులో పిండిపదార్థం ఉంటుంది. పురుగు చేరేది దానికోసమే. లోపల తొలుచుకుంటూ పోతుంటే బొంగు కింద సన్నటి పొడి రాలుతుంది. పందిళ్లకూ పాకలకూ వెదురు వాడే మన పల్లెల వాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. వాళ్లు బొంగుల్ని చెరువులోనో కాలవలోనో వారాల తరబడి నానవేసి, ఆ సారమంతా నీళ్లలోకి దిగిపోయాక తీసి, నీడన ఆరబెడతారు. సెరా దారీ అలాంటిదే. పైగా ఆ ఏడాది ఒక పరీక్ష కూడా. ఇసుక తవ్వి తీసినప్పుడు పుచ్చినవి పక్కకు పోయాయి, గట్టివి మిగిలాయి. ఆ మిగిలినవాటిలో చాలావాటి గొంతు ఇప్పటికీ వినిపిస్తోంది. వెదురును ఇసుకకు అప్పజెప్పి ఏడాది ఓపిక పట్టగలిగిన మనిషి మీద నాకు ఎనలేని గౌరవం.

ఆర్గన్‌లో ఒక్కో స్వరానికి ఒక్కో గొట్టం కావాలి. ఒకే స్వరాన్ని వేర్వేరు నాదాల్లో వినిపించాలంటే నాదానికో వరస గొట్టాలు. అందుకే వాటి లెక్క వందలూ వేలూ అవుతుంది. తిత్తి ఊదిన గాలి ఒక పెద్ద పెట్టెలో నిండి ఉంటుంది. మెట్టు నొక్కితే దానికి తగిలించిన సన్నటి కర్రపుల్లలు కదిలి, పెట్టెలో ఒక మూత తెరుచుకుంటుంది. గాలి గొట్టంలోకి దూసుకుపోతుంది. గొట్టం పొడవు తగ్గేకొద్దీ శృతి పెరుగుతుంది. చెప్పుకోవడానికి ఇంతే. అయితే లోహపు రేకునైతే మనకు కావలసిన కొలతకు చుట్టుకోవచ్చు. వెదురు అలా కాదు. ఏ రెండు బొంగుల లోపలి వెడల్పూ ఒకటి కాదు. ఒకే బొంగు కూడా మొదట్లో ఒకలా, కొసన ఒకలా ఉంటుంది. కాబట్టి ప్రతి గొట్టాన్నీ విడిగా ఎంచి, నోరు కోసి, చెవితో విని సరిచేయాల్సిందే. తొమ్మిది వందల సార్లు!

ట్రంపెట్‌లా పలికే వరసకు మాత్రం వెదురు లొంగలేదు. సెరా మొండికి పోలేదు, ఆ గొట్టాలను లోహంతో చేయించారు. 1821కి వెదురు పని ముగిసినా, ట్రంపెట్‌లు కూడా అమరి ఆర్గన్ పూర్తయ్యేసరికి 1824 వచ్చింది. 1832లో ఆయన కన్నుమూశారు.

ఆ తర్వాత భూకంపాలు, తుఫానులు వరసకట్టాయి. 1880 భూకంపం చర్చిని దెబ్బతీసింది. గొట్టాలు మూలన పడ్డాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కొంత బాగుచేసినా, నిండు గొంతుతో పలికే రోజు మాత్రం చాలాకాలం రాలేదు. చివరికి 1973లో దాన్ని విప్పి జర్మనీకి, బాన్‌లోని క్లైస్ అనే ఆర్గన్ల కార్ఖానాకు పంపారు. అక్కడి చలిగాలికి వెదురు పగలకుండా, ఫిలిప్పీన్స్ వేడీ తేమా ఉండేలా ప్రత్యేకంగా ఒక గదే ఏర్పాటు చేశారు. 1975లో ఆర్గన్ ఇంటికి తిరిగొచ్చింది. మరుసటి ఏడాది నుంచి ఏటా దాని పేర సంగీతోత్సవం జరుగుతోంది.

చాలామంది ఈ కథను ఇక్కడితో ఆపేస్తారు. నాకు అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుందని అనిపిస్తుంది.

అలా అనిపించడానికి కారణం నా పని. నేను హార్మోనియం విప్పి బాగుచేస్తాను. మా చర్చిలో వాయించే పెద్దాయన దగ్గర కూర్చుని నేర్చుకున్న పని. లోపలి ఇత్తడి రీడ్ కొసన గీస్తే శృతి పెరుగుతుంది, మొదట్లో గీస్తే తగ్గుతుంది. ఈ రెండు ముక్కలు చెప్పడానికి నిమిషం చాలు. ఎంత గీయాలో చేతికి తెలియడానికి ఏళ్లు పడుతుంది. ఒక వెంట్రుకవాసి ఎక్కువ గీస్తే పోయిన ఇత్తడి తిరిగి రాదు. ఆంధ్రా, తెలంగాణ పల్లె చర్చిల్లో ఎన్నో హార్మోనియాలు అటకెక్కాయి. వాటిలో చాలావాటికి పోయింది ఏమీ లేదు. తిత్తి తోలు చిరిగి ఉంటుంది, రెండు రీడ్‌లు మూగబోయి ఉంటాయి. విప్పి చూసే మనిషి లేక, పాడైపోయాయన్న పేరు మోస్తున్నాయి. వాటి స్థానంలో ఎలక్ట్రానిక్ కీబోర్డు వచ్చింది. కీబోర్డు మీద నాకు కోపం లేదు, బాధల్లా ఆ పని తెలిసిన చేతులు తరిగిపోతున్నందుకే.

లాస్ పిన్యాస్‌కూ అదే గతి పట్టేది, అక్కడి ఆర్గన్ కూడా మూగబోయేది. వెదురుకు మళ్లీ పురుగు రావచ్చు, తోలు మళ్లీ చిరగవచ్చు. ప్రతిసారీ విప్పి జర్మనీకి ఓడెక్కించడం జరిగే పనేనా? అయితే కొందరు ఫిలిప్పీన్స్ యువకులు యూరప్ వెళ్లి ఆర్గన్ కట్టే విద్య నేర్చుకుని వచ్చారు. 1994లో లాస్ పిన్యాస్‌లోనే పనిశాల పెట్టి, దానికి డియేగో సెరా పేరే పెట్టుకున్నారు. 2003లో వెదురు ఆర్గన్‌ను మళ్లీ బాగుచేయాల్సి వచ్చినప్పుడు అది ఓడెక్కలేదు. ఆ పని ఆ ఊళ్లోనే, ఆ పనిశాల చేతుల్లోనే జరిగింది. అదే ఏడాది ఆ దేశపు జాతీయ మ్యూజియం దాన్ని జాతీయ సాంస్కృతిక నిధిగా ప్రకటించింది. బిరుదు గొప్పదే. కానీ ఊళ్లోనే పనిశాల ఉండటం నాకు అంతకన్నా గొప్పగా తోస్తుంది.

ఆ పనిశాల అక్కడితో ఆగలేదు. బోహోల్ దీవిలోని బక్లాయోన్ చర్చిలో, స్పెయిన్ పాలన నాటి మరో ఆర్గన్ ఎన్నో ఏళ్లుగా మూగబోయి ఉండేది. దాన్ని మళ్లీ పలికించిందీ వీళ్లే.

క్వయర్ పెద్దలకు నాదొక మనవి. ఈసారి హార్మోనియం బాగుచేయించడానికి తీసుకెళ్లేటప్పుడు వాయించడం నేర్చుకుంటున్న పిల్లనో పిల్లాణ్నో వెంట తీసుకెళ్లండి. పై చెక్క తీసేటప్పుడు పక్కనే కూర్చోబెట్టండి. మూగబోయిన రీడ్‌ను వాళ్ల చేతే బయటికి తీయించండి.