ఆంధ్రరాష్ట్రచరిత్రమునఁ గర్తృవిచారము

ఆంధ్రరాష్ట్రము 1953 అక్టోబరు 1న అవతరించెనని మన చరిత్రగ్రంథములు పెక్కు వ్రాయుచున్నవి. తేదీ నిర్దుష్టము, వాక్యము విచారణీయము. అందు రాష్ట్రమే కర్తయై ప్రజ మఱుఁగుపడినది. నిజమునకు రాష్ట్రము కర్మము, ప్రజయే కర్త. 1913 నాఁటి బాపట్ల మహాసభ, 1937 నాఁటి శ్రీబాగు ఒడంబడిక, 1952లో పొట్టి శ్రీరాములుగారి ప్రాణత్యాగము ఆ కర్తృవ్యాపారములే. బల్గేరియా ప్రజలును 1870లో స్వకీయమతపీఠమును, పిదప 1878లో సంస్థానమును బడసిరి. యుద్ధము రష్యావారిది, అంతకుఁ బూర్వపుఁ బ్రయత్నము ప్రజలది. పొదిలితాలూకా 1970లో నెల్లూరుజిల్లాను వీడి క్రొత్తగా నేర్పడిన ఒంగోలుజిల్లాలోఁ జేరినది. 2014లో రాష్ట్రమే విభక్తమైనది. ఎల్లలు మాఱినను ఊళ్లు కదలలేదు, భాష చీలలేదు. అధ్యాహారమునకు విడిచిన కర్త క్రమముగా విస్మృతమగును. కావునఁ జరిత్రకారులు ప్రజను వాక్యమందే నిలుపవలయును. లేనిచో ఎల్లలు గీయువారే చరిత్రమునకుఁ గర్తలగుదురు.