బోరు గోడ పటములు: చూచినదెంత, ఊహించినదెంత?

బోరులోనికి పరికరమును దింపి, గోడకు తగిలి తిరిగివచ్చు ధ్వనితరంగములతో రాతి పటమును గీయు పద్ధతి 1960ల చివర వాడుకలోనికి వచ్చినది. గుండ్రని గోడను నిలువునా కోసి చాపవలె పరచినట్లు ఊహించుడు. వాలియున్న పొర అందులో అలవలె కనిపించును. 15 సెంటీమీటర్ల వ్యాసముగల నిలువు బోరులో అల శిఖరమునకు, అడుగునకు నడుమ ఎత్తు 15 సెంటీమీటర్లయినచో వాలు 45 డిగ్రీలు. పద్ధతి చక్కనిదే, విమర్శింపవలసినది దానిని చదువు తీరు.

పటములు తరచు మచ్చలతో నిండియుండును. పరికరము నడుమ నిలువక ప్రక్కకు ఒరిగినచో నిలువు చారలు పడును. తట్టుకొని ఒక్కసారిగా జారినచో బొమ్మ సాగును, కుదించుకొనును. అట్టి పటముపై కంప్యూటరుతో అలలు అమర్చువారు ఒక సంగతి మరచుచున్నారు. అలను నిర్ణయించునవి మూడే: లోతు, వాలు, దిక్కు. కనుక గోడపై చెదరిన ఏ మూడు మచ్చలకైనను ఇంచుమించుగా ఒక అల కుదురును. నాలుగవది, ఐదవది కూడ దానిపై పడినప్పుడే అది సాక్ష్యమగును.

శృంగవరపుకోట ప్రాంతమునే తీసికొందము. తూర్పు కనుమల ఈ భాగమున ఖొండలైటు రాయి విస్తారము. 1902లో వాకర్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు ఖోండుల పేర దానికి ఆ పేరు పెట్టెను. ఈ రాతిలో ఖనిజములు వరుసలు తీరి సహజముగానే చారలుండును. గట్టి చారలో నీరు పారదు. తెరచుకొనిన పగులులోనే పారును. మసక పటములో రెండును నల్లని గీతలే! చారను పగులని వ్రాసిన నివేదికను నమ్మి ప్రక్క పొలమున బోరు వేసినచో, అప్పు మిగులునది రైతుకు గాని గీత గీచినవానికి కాదు.

ఇందుకు వ్యతిరేకమైన పొరపాటును కలదు. నిట్టనిలువు పగుళ్లు నిలువు బోరుకు అరుదుగా తగులును. 1965లో రూత్ టెర్జాగీ ఈ లోపమును వివరించి సవరణ సూచించినది. పటములో లేనంత మాత్రమున రాతిలో లేదనరాదు.

కావున పటమును ఒంటరిగా నమ్మరాదు. పైకి తీసిన రాతి కడ్డీలతోను, బోరు వ్యాసము, నీటి ఉష్ణోగ్రత, ప్రవాహముల కొలతలతోను, సమీపపు కొండకోతలలో కంటికి కనిపించు వాలుతోను సరిచూడవలెను. ప్రతి గీత ప్రక్కన నిశ్చయము, సంభావ్యము, సందిగ్ధము అని తరగతి వ్రాయవలెను. ఏమియు తెలియని చోటును ఖాళీగా విడుచుటయు శాస్త్రమే.