గోడెల్ వాక్యం, ట్యూరింగ్ యంత్రం

కర్ట్ గోడెల్ 1931 నాటి పరిశోధన పత్రాన్నీ, అలన్ ట్యూరింగ్ 1936 నాటి పత్రాన్నీ జంటగా తలచుకోవడం ఆనవాయితీ. ఒకటి రుజువుకు, రెండోది గణనకు హద్దు చూపాయని చెప్పి ముగించేస్తారు. పక్కపక్కన పెట్టి చదివితే ఎత్తు ఒకటే గానీ ఆట తీరు వేరు.

గోడెల్‌ది కంసాలి పనితనం. సూత్రాలకూ రుజువులకూ సంఖ్యలు కేటాయించి, 'ఇది దానికి రుజువు' అన్న మాటను అంకగణితంలోకి దించేస్తాడు. ఒకదానిపై ఒకటి పేర్చిన 45 నిర్వచనాల్లో ప్రతిదాన్నీ లెక్కకట్టి తేల్చవచ్చు. 46వది 'దీనికి రుజువు ఉంది' అన్నది. ఆ ఒక్కదానికీ ఆ హామీ ఇవ్వలేనంటాడు. రుజువు ఎంత పొడవుంటుందో తెలియనప్పుడు వెతుకులాటకు గట్టు ఎక్కడ? పేరంతా 'నాకు రుజువు లేదు' అనే వాక్యానికి దక్కింది గానీ, నన్నడిగితే గుండెకాయ ఇక్కడే ఉంది.

ట్యూరింగ్‌కు అంత ఓపిక లేదు. ఆయన యంత్ర పట్టికల్లోని తప్పులను తర్వాత ఎమిల్ పోస్ట్ ఎత్తిచూపాడు. అయినా అసలు ఘట్టం అబ్బురం. అంకెలు నిరంతరం రాస్తూ పోయేదే ఆయన దృష్టిలో మంచి యంత్రం. (ఆగుతుందా, ఆగదా అన్న నేటి పాఠ్యపుస్తకాల ప్రశ్న ఆ రూపంలో ఇందులో లేదు.) మంచిదేదో చెడ్డదేదో తేల్చే పరీక్ష ఒకటి దొరికిందనుకుందాం. దాని సాయంతో ఇంకో యంత్రం అన్నిటినీ వరసగా పరీక్షిస్తూ, మొదటి మంచిదాని నుంచి మొదటి అంకె, రెండోదాని నుంచి రెండో అంకె తీసుకుంటూ పోతుంది. ఒకచోట తన వంతే వస్తుంది. తన అంకె తెలియాలంటే ఇంతవరకూ చేసిందంతా మళ్లీ చేసి ఇక్కడికే రావాలి. వచ్చాక మళ్లీ అదే పని. ఆ అంకె ఎన్నటికీ పడదు. మంచిదని తేలవలసిన యంత్రం అక్కడే చిక్కుకుపోయింది. అంకెలను తారుమారు చేసి వైరుధ్యం తెచ్చే దగ్గరిదారి ఆయనకు తెలుసు; అందులో ఏదో మోసముందని పాఠకుడికి అనిపించవచ్చని పక్కనపెట్టాడు.

పనితనంలో గోడెల్‌దే పైచేయి. కానీ యాంత్రికమైన పని అంటే ఏమిటో, గళ్ల కాగితంపై లెక్కలు వేసే మనిషిని గమనించి తేల్చింది ట్యూరింగే. గోడెల్ పత్రం ప్రధానంగా 'ప్రిన్సిపియా మ్యాథమాటికా', దాని బంధు వ్యవస్థల గురించి. కాస్త అంకగణితం ఉండి, వైరుధ్యం లేని ప్రతి రూపాత్మక వ్యవస్థకూ తన ఫలితం వర్తిస్తుందని నిస్సంకోచంగా చెప్పగలుగుతున్నది ట్యూరింగ్ నిర్వచనం వల్లేనని 1963లో గోడెలే తన పత్రానికి గమనిక చేర్చాడు.