దీపాలదిన్నె మన్ను

పురాతత్త్వజ్ఞునికిని, గుప్తనిధులకై అర్ధరాత్రమున గడ్డపారతో బయలుదేరువానికిని ఏ బంధుత్వమును లేదని మా వృత్తివారు గట్టిగా చెప్పుచుందురు గాని, అమరావతి దీపాలదిన్నె చరిత్ర తెలిసిన పిదప ఆ మాటను అంత ధైర్యముతో నేను పలుకజాలను. పద్దెనిమిదవ శతాబ్దము చివర జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు చింతపల్లిని విడిచి అమరావతిలో క్రొత్త పట్టణము కట్టించుచు, ఇటుకకును రాతికిని, బౌద్ధస్తూపమును కప్పియున్న ఆ దిన్నెను త్రవ్వించెను. లోపల నిధి యుండునన్న ఆశయు ఆ పనిని పురికొల్పినదని చెప్పుదురు. ఆ శతాబ్దము ముగియక మునుపే సర్వేయరు కోలిన్ మెకంజీ వచ్చి చూచెను. 1816లో ఆయన మరల వచ్చునప్పటికి స్తూపగర్భమున చెరువు త్రవ్వుచుండిరి, పలకలు మెట్లకును గోడలకును పోవుచుండెను. ఏ పలక ఎచ్చట నిలిచియుండెనో గుర్తించుచు ఆయన వ్రాయించిన పటములే నేటికిని మనకు దిక్కు.

ఆ జమీందారును నిందించి ఊరకుండవచ్చును గాని, తరువాతి కథ దొరతనమువారిది. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మద్రాసులో ఎండకును వానకును ఓర్చి, పిదప సముద్రము దాటి లండను చేరినవి. 1877లో రాబర్ట్ సూయల్ కొంతభాగము త్రవ్వి, దొరికిన రాళ్ల తావులను శ్రద్ధతో వ్రాసికొనెను. కాని 1880లో మద్రాసు గవర్నరైన బకింగ్‌హాం డ్యూకు ఉత్తరువుపై మిగిలిన దిన్నెనంతయు ఎత్తిపోయించిరి. 1881 చివర జేమ్స్ బర్జెస్ వచ్చి చూడగా ఆయనకు కానవచ్చినది ఒక పెద్ద గొయ్యియు, దానిచుట్టును పడియున్న రాళ్లును. ఒకరు ఇటుకకై వచ్చిరి, ఒకరు శిల్పమునకై వచ్చిరి. ఇరువురును తమకు కావలసినది ఏరుకొని మన్ను పారబోసిరి.

ఆ మన్నులోనే మా శాస్త్రమంతయు ఉన్నది. శాతవాహనుల సీసపునాణె మొకటి సంతలో చేతికి వచ్చినచో రాజు పేరు చెప్పి ఊరకుండును. అదే నాణెము చెదరని మట్టినేలలో పొదిగి దొరికెనేని, ఆ నేల ఆ నాణెము ముద్రింపబడుటకు ముందు అలుకబడినది కాదనియు, దాని క్రింది బూడిదయు పెంకులును ఆ నేలకంటె పూర్వములనియు, ఆ పెంకులవంటివే వేరొక యూరిలో దొరికిన యెడల అచ్చటి కాలమునకును ఇది సాక్షి యగుననియు తేలును. ఇందరు త్రవ్విన అమరావతిలోనే 1973-74లో కార్తికేయశర్మగారు గడ్డపార తగులని చిన్న తావులను పట్టుకొని పొర వెంట పొరగా దిగి, బ్రాహ్మీ అక్షరములు గీసిన కుండపెంకుల వంటి వానివలన ఆ క్షేత్రము మౌర్యకాలము నాటికే ఉన్నదని చూపగలిగిరి. బంగారము ఊసు లేని పని యది. ఆ దిన్నెలో జరిగిన త్రవ్వకములలో నాకు మిక్కిలి గౌరవము కలిగించున దదియే.

నేను కందకములలో పనిచేసిన కాలమున సాయంకాలమగునప్పటికి ఊరివారు గట్టున చేరి, "అయ్యా, బంగారమేమైనా పడిందా?" అని అడుగుచుండిరి. ఆ ప్రశ్నపై నాకెన్నడును కోపము రాలేదు. మట్టిలో పచ్చగా ఏదో తళుక్కుమన్నప్పుడు గుండె ఝల్లుమనని త్రవ్వకపువాడు ఉండడు. కాని మట్టితట్టలు మోయు కూలిస్త్రీ యొకతె, కందకపు గోడలో ఎఱ్ఱగా కాలిన మంటిని, దాని నడుమ నల్లని చారను చూచి, నేను పుస్తకములో వ్రాసికొనక మునుపే, "ఇది పొయ్యి గదయ్యా, ఇటు గాలి వచ్చేదేమో" అని చెప్పినది. ఆమె తెలిపినది ఏ లంకెబిందెయు తెలుపజాలదు.

లంకెబిందెల భ్రమ యెంత క్రూరమో మన పాడుగుళ్లు చూచినవారికి తెలియును. అంజనము వేసి తావు చెప్పువాడొకడు, వానిని నమ్మి అప్పుచేసి వచ్చువాడొకడు. నంది కడుపులో వజ్రమున్నదని దానిని పగులగొట్టుదురు, లింగమును పెకలింతురు, అడుగున రాయియే కనబడగా పోయి వేరొక గుడి వెదకుదురు. పాడుపడిన ఊళ్ల దిబ్బలలోని పాటిమన్ను పొలమునకు బలమని బండ్లతో తోలుకొనిపోయిన రైతునకు ఈ దురాశ ఏమియు లేదు. అయినను అట్లు పొలములలో చల్లబడిన ప్రాచీన గ్రామము లనేకములు.

1878 నాటి నిధుల చట్టము, పది రూపాయలకు మించిన నిధి దొరికినవాడు కలెక్టరునకు తెలుపవలెనని శాసించినది. ప్రభుత్వమే దానిని గైకొనదలచినచో, అందలి ద్రవ్యపు విలువకు ఐదవవంతు చేర్చి ఈయవలెనట. విలువ కట్టినది లోహమునకే, అది యున్న తావునకు కాదు. కనుకనే నిధి దొరికిన పేదవాడు కబురు చెప్పి ఠాణాల చుట్టు తిరుగుటకు భయపడి, రాత్రికి రాత్రి కరిగించి అమ్ముకొనుచున్నాడు. ఆ చట్టములో ఒక్క వాక్యము చేర్పవలెనని నా కోరిక: వస్తువును కదల్పక, చుట్టుపట్ల మన్నును చెదరనీయక కబురు పంపినవానికి, దొరికినది బంగారమైనను పగిలిన కుండయైనను, వేరుగ ఒక బహుమానము ఈయవలెను, అదియు వాని పంట చేతికి వచ్చులోపలనే ఈయవలెను.